ఐదవ కోరిక : నారాయణ మేఘాజీ లోఖండే జీవితము

కృష్ణానదికి ఉత్తరమున వ్యాపించిన పాలమూరు, నల్లగొండ మెట్టసీమలలో వాన తక్కువ, రాయి ఎక్కువ. అచ్చటి పేదవానికి తండ్రి తాతలనుండి సంక్రమించినది చాల తావుల భూమి కాదు, రెండు చేతులు. ఆ చేతులతోనే అతడు మగ్గము నేసెను, బావి త్రవ్వెను, బండ కొట్టెను, చెఱువుకట్ట పోసెను. కఱవు వచ్చినపుడు ఆ చేతులనే నమ్ముకొని దూరదేశములకు పోయెను. నైజాము రాజ్యమునుండి బొంబాయికి పోయిన తెలుగు శ్రామికులను అచ్చటివారు కామాఠీలనిరి. వారు కాపురమున్న పేటకు కామాఠీపుర అను పేరు నేటికిని నిలిచియున్నది. నల్లగొండ సాలెవారు బొంబాయి, షోలాపురము, భీవండి పట్టణముల మగ్గములకును మిల్లులకును పోయిరి. పాలమూరు కూలీలు ఎచ్చట ఆనకట్టయో, ఎచ్చట మేడయో లేచుచున్న అచ్చటికి పోయిరి.

చేతులు తప్ప వేరు ఆస్తి లేనివానికి పనిలో చేయి నలిగిపోయిన గతి యేమి? ఈ ప్రశ్నను దైవమునకు విడువక, యజమాని దయకును విడువక, కార్మికుల హక్కుగా కాగితముపై వ్రాయించి ప్రభుత్వము ముందుంచిన వాడు నారాయణ మేఘాజీ లోఖండే. మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు సాధించిన వాడని ఆయనను లోకము ఎఱుగును. కాని ఆయన కోరినవి ఐదు కోరికలు. ఆదివారము వానిలో మొదటిది. నలిగిన చేతిని గూర్చినది ఐదవది. మొదటిది ఆయన బ్రతికియుండగనే నెఱవేఱెను. ఐదవది నెఱవేఱుటకు నలువది యేండ్లు పట్టెను. లోఖండే గొప్పతనమును కొలుచుటకు ఈ ఐదవ కోరికయే తగిన కొలమానము.

లోఖండే 1848లో బొంబాయి చెంతనున్న ఠాణాలో జన్మించెను. వారి పూర్వుల ఊరు పుణె మండలములోని కన్హేర్‌సర్. పూలు పండించుకొని జీవించు మాలీ కులమున ఒక పేద కుటుంబము వారిది. ఉన్నత విద్య చదువుటకు స్తోమత చాలకపోగా ఆయన చిన్నతనముననే ఉద్యోగమున చేరెను. కొంతకాలము రైల్వేలోను తపాలా శాఖలోను పనిచేసి, పిదప బొంబాయిలోని మాండ్వీ మిల్లులో సామానుల కొట్టు అధికారిగా కుదురుకొనెను. కండెలు, తోలుపట్టాలు, నూనె, ఇనుప సామాను లెక్కగట్టి యిచ్చుట ఆయన పని. ఆయన యంత్రము నడపినవాడు కాదు. ఐనను యంత్రము నడపువారి నడుమనే దినమంతయు గడపినవాడు. కార్మికుల బ్రతుకు ఆయనకు పుస్తకములవలన గాక కన్నులయెదుట తెలిసెను.

ఆ మిల్లుల లోపల పని యెట్లుండెడిదో నేటి విద్యార్థులు తెలిసికొనదగినది. బొంబాయిలో మొదటి నూలు మిల్లు 1854లో స్థాపితమయ్యెను. తరువాతి ముప్పది యేండ్లలో పదుల సంఖ్యలో మిల్లులు లేచెను. సూర్యోదయముతో పని మొదలై సూర్యాస్తమయముతో ముగిసెడిది. వేసవిలో అది పదమూడు, పదునాలుగు గంటలయ్యెడిది. భవనమునకంతకు ఒకే ఆవిరి యంత్రము. దానినుండి కప్పు క్రింద పొడవైన ఇనుప ఇరుసు తిరుగుచుండెను. ఆ ఇరుసునుండి తోలుపట్టాలు దిగి ఒక్కొక్క యంత్రమును త్రిప్పుచుండెను. ప్రత్తిని చీల్చు యంత్రమునకు ఇనుప ముండ్లుండెను. ఏకు యంత్రపు పెద్ద దొల్లు నిండ సన్నని తీగ పండ్లుండెను. యంత్రము తిరుగుచుండగనే దాని క్రింద చేరిన దూదిని ఊడ్చుట, పండ్లలో చిక్కినదానిని తీయుట సామాన్యము. ఈ పనికి పలుమార్లు చిన్నపిల్లలను నియోగించెడివారు. వ్రేలు పట్టాకు చిక్కినచో ఆవిరి యంత్రము దానికొఱకు ఆగదు. ప్రత్తి గింజలు తీయు జిన్నింగు కర్మాగారములలోను, దూదిని బలముగ అదిమి బేళ్లు కట్టు ప్రెస్సులలోను ప్రమాదము ఇంతకంటె తక్కువది కాదు. చేయి పోయినవానికి ఆ దినము వఱకు కూలి యిచ్చి పంపివేయుట యజమాని ఇష్టము. ఏమియు ఇయ్యకుండుటయు ఆతని ఇష్టమే.

ఈ కాలముననే మహారాష్ట్రమున జ్యోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజమును స్థాపించి, చదువునకును మర్యాదకును దూరమైన కులములవారిని మేల్కొల్పుచుండెను. లోఖండే ఆయన అనుచరుడయ్యెను. తెలుగువారు గర్వించదగిన విషయమొకటి ఇచ్చట కలదు. బొంబాయిలో సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిన వారిలో తెలుగు వంశములవారు ముఖ్యులు. కూలీలుగా వెళ్ళిన కామాఠీల నుండియే కొందఱు పెద్ద కట్టడముల కంట్రాక్టర్లుగా ఎదిగిరి. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలోజీ కాలేవార్, జాయా ఎల్లప్ప లింగు, నర్సింగరావు సాయబు వడ్నాల అనువారు కలసి సమాజము కొఱకు 1200 రూపాయల వెలగల అచ్చు యంత్రమును కొనియిచ్చిరి. ఆనాటి 1200 రూపాయలు సామాన్యమైన మొత్తము కాదు. చేతులతో ఇటుక మోసిన వంశములవారు అక్షరమునకు ఇచ్చిన కానుక అది.

కృష్ణరావు భాలేకర్ 1877లో పుణెలో దీనబంధు అను మరాఠీ వారపత్రికను ప్రారంభించెను. మూడేండ్లలోనే అది నష్టములకు గుఱియై ఆగవలసి వచ్చెను. 1880లో లోఖండే దానిని బొంబాయికి తెచ్చి సంపాదకత్వ భారము వహించెను. రైతు బాధలతో పాటు మిల్లు కార్మికుని బాధలకును అప్పటినుండి ఆ పత్రికలో చోటు దొరకెను. గురువునకును శిష్యునకును అన్నిట ఏకాభిప్రాయము కుదిరెనని చెప్పరాదు. ఫూలే రైతు దుఃఖమును గూర్చి వ్రాసిన గ్రంథమును దీనబంధు 1883లో భాగములుగా ప్రకటింప మొదలిడి నడుమ ఆపివేసెను. ప్రభుత్వముపై దాని విమర్శ మిగుల తీవ్రమని లోఖండే జంకియుండును. ఫూలేకు ఇది బాధ కలిగించెను. లోఖండే స్వభావమునకు ఈ జాగ్రత్త సహజము. సభ, సంతకము, విన్నపము, విచారణ సంఘము, ఇవి ఆయన ఆయుధములు. నిప్పు రగిల్చుటకంటె కాగితమును కదల్చుటయందు ఆయనకు నమ్మకము ఎక్కువ.

భారతదేశపు మొదటి కర్మాగార శాసనము 1881లో వచ్చెను. నూఱుగురు లేక అంతకు మించి పనిచేయుచు, ఏడాదిలో నాలుగు నెలలకంటె ఎక్కువ కాలము నడచు కర్మాగారములకే అది వర్తించెను. ఏడేండ్లు నిండని పిల్లలను పనిలో పెట్టరాదనియు, ఏడు మొదలు పండ్రెండేండ్ల వఱకు పిల్లలకు తొమ్మిది గంటలకు మించి పని చెప్పరాదనియు అది శాసించెను. ప్రమాదకరమైన యంత్రములకు కంచె వేయవలెననియు, ప్రమాదము జరిగిన అధికారులకు తెలుపవలెననియు ఆజ్ఞాపించెను. కాని వయస్సు వచ్చిన స్త్రీపురుషుల పని గంటలను గూర్చి ఒక్క మాటయు అందు లేదు. ప్రత్తి కాలమున మాత్రమే నడచు జిన్నింగు కర్మాగారములును ప్రెస్సులును అనేకము దాని వలనుండి తప్పించుకొనెను. కంచె వేయమన్న శాసనము, కంచె లేనందున చేయి పోయినవానికి ఏమి ఇయ్యవలెనో చెప్పలేదు.

ఈ లోపములను విచారించుటకు బొంబాయి ప్రభుత్వము 1884లో ఒక సంఘమును నియమించెను. లోఖండే ఇదే తరుణమని గ్రహించెను. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో మిల్లు కార్మికుల సభలు జరిపెను. కార్మికులు ఒకచోట కూడి తమ కోరికలను తామే నిర్ణయించుకొనుట మన దేశమునకు అప్పటికి క్రొత్త. ఆ సభలలో రూపొందిన విన్నపముపై 5500 మంది కార్మికులు సంతకములును వ్రేలిముద్రలును ఉంచిరి. అందలి కోరికలు ఐదు. ప్రతి ఆదివారము పూర్తి సెలవు కావలెను. మధ్యాహ్నము అరగంట విరామము కావలెను. ఉదయము ఆఱున్నరకు పని మొదలై సూర్యాస్తమయమునకు ముగియవలెను. ఒక నెల జీతము మరుసటి నెల 15వ తేదీలోపల ముట్టవలెను. పనిలో గాయపడి కొంతకాలము పనికి రాలేని కార్మికునకు కోలుకొనువఱకు పూర్తి వేతనమును, జన్మమంతయు అవిటివాడైనచో బ్రతుకుతెరువునకు తగిన ఏర్పాటును కల్పింపవలెను.

ఈ ఐదవ కోరికను నిదానముగ చూడవలెను. మొదటి నాలుగును కాలమునకు సంబంధించినవి. ఎన్ని గంటలు, ఏ దినము, ఏ తేదీ అను లెక్కలవి. ఐదవది శరీరమునకు సంబంధించినది. కార్మికుడు యజమానికి అమ్మునది పని మాత్రమే, చేయి కాదు అను సూత్రము దానిలో ఇమిడియున్నది. ఆనాటికి ఇంగ్లండులో సయితము గాయపడిన కార్మికుడు న్యాయస్థానమునకు పోయి యజమాని తప్పును రుజువు చేయవలసియుండెను. తోటి పనివాని పొరపాటువలన ప్రమాదము జరిగినదనియో, అపాయమెఱిగియే పనిలో చేరినాడనియో చెప్పి యజమానులు తప్పించుకొనుట సులభముగ నుండెను. తప్పు ఎవరిదైనను గాయపడినవానికి నిధినుండి సొమ్ము చెల్లింపవలెనను శాసనమును జర్మనీ దేశము ఆ 1884లోనే చేసెను. బెర్లినులో మంత్రులు ఆలోచించిన విషయమునే అదే ఏట బొంబాయి మిల్లులలో వ్రేలిముద్రలు వేసినవారును అడిగిరి. ఇది స్మరింపదగిన సంగతి.

విచారణ ముగిసెను గాని ఫలము వెంటనే చేకూరలేదు. మిల్లు యజమానులు బలవంతులు. లోఖండే విసుగు చెందక విన్నపముపై విన్నపము పంపుచుండెను. 1890 ఏప్రిల్ 24న ఆయన పిలుపుపై దాదాపు పదివేలమంది కార్మికులు బొంబాయిలో సభ తీర్చిరి. ఆ సభలో ఇద్దఱు స్త్రీ కార్మికులు లేచి మాటలాడిరి. స్త్రీలు బడికి పోవుటయే అరుదైన ఆ దినములలో మిల్లు కూలి స్త్రీ వేలమంది యెదుట నిలిచి తన కష్టము తాను చెప్పుకొనుట సామాన్యమా? ఆదివారమునే సెలవుగ కోరుటకు ఒక కారణము జేజురి ఖండోబాకు అది ప్రీతియైన దినమగుట. మన తెలంగాణమున కొలిచెడి మల్లన్నయు ఖండోబాయు ఒక్కరే అని జనుల నమ్మకము. కొమురవెల్లి మల్లన్న జాతర నేటికిని ఆదివారములందే సాగును. కావున కులదైవపు దినమున విశ్రాంతి కోరిన ఆ కార్మికుని మనస్సు మన పల్లెవారికి తేలికగనే బోధపడును. 1890 జూన్ 10న మిల్లు యజమానుల సంఘము ఆదివారపు సెలవునకు అంగీకరించెను.

అదే సంవత్సరము భారత ప్రభుత్వము నియమించిన కర్మాగార కార్మిక సంఘమున బొంబాయి విచారణకు లోఖండే సహాయ సభ్యుడుగ కూర్చుండెను. దాని ఫలముగ 1891 శాసనము వచ్చెను. వారమున కొక సెలవు, మధ్యాహ్నమున అరగంట విరామము శాసనబద్ధమయ్యెను. స్త్రీల పనికి పదునొకండు గంటలు హద్దయ్యెను. తొమ్మిదేండ్లలోపు పిల్లలకు పని నిషేధమయ్యెను. ఏబదిమంది పనిచేయు కర్మాగారములకును శాసనము వ్యాపించెను. ఈ విజయమంతయు ఒక్క లోఖండేదే అనుట చరిత్రకు సరిపడదు. భారతీయ మిల్లుల పోటీకి జంకిన లాంకషైరు వర్తకులు లండనులో చేసిన ఒత్తిడియు దీనికి తోడ్పడెను. సొరాబ్జీ షాపూర్జీ బెంగాలీ వంటి పార్సీ ప్రముఖులు శాసనము కొఱకు అంతకుముందే పాటుపడిరి. లోఖండే నడపిన బొంబాయి మిల్లు కార్మిక సంఘమునకు సభ్యత్వ పట్టిక లేదు, చందా నిధి లేదు, నిబంధనలు లేవు. నేటి అర్థమున అది కార్మిక సంఘము కాదని పండితులందురు. ఆ మాట నిజమే. కాని ఇతరులు కార్మికునికొఱకు మాటలాడుచుండగా, లోఖండే కార్మికునిచేతనే మాటలాడించెను. ఆ భేదము చిన్నది కాదు.

ఆయన దృష్టి మిల్లు గోడలవద్ద ఆగలేదు. విధవల శిరోముండనమునకు తాము కత్తి పట్టమని బొంబాయి మంగలివారు 1890లో తీర్మానించిన సభకు లోఖండే ప్రేరకుడు. 1893లో బొంబాయిలో హిందూ ముస్లిముల నడుమ ఘోరమైన కలహములు చెలరేగినపుడు ఇరువర్గముల కార్మికులను కలిపి శాంతి నెలకొల్పుటకు పాటుపడెను. 1895లో ప్రభుత్వము ఆయనకు రావు బహదూరు బిరుదునిచ్చెను. బిరుదు వచ్చినను ఆయన కాపురము కార్మికుల నడుమనే సాగెను.

1896 శరత్కాలమున బొంబాయిలో మహామారి ప్లేగు పొడసూపెను. మొదట బయటపడినది మాండ్వీ పేటలోనే. నగరము వదలి లక్షలమంది పారిపోయిరి. మిల్లులు మూతపడెను. పోవుటకు ఊరును, తినుటకు గింజయు లేని పేదలు మాత్రము మిగిలిరి. లోఖండే వారి నడుమనే నిలిచి రోగుల సేవకు పూనుకొనెను. ఆ ప్లేగే ఆయనను 1897 ఫిబ్రవరి 9న బలిగొనెను. అప్పటికి ఆయన ఏబదియేండ్లు దాటలేదు. ఒక నెల తరువాత, మార్చి 10న, పుణెలో సావిత్రీబాయి ఫూలేయు ప్లేగు రోగులకు సేవచేయుచు అదే వ్యాధితో కన్నుమూసెను.

లోఖండే పోయిన ఆ 1897లోనే ఇంగ్లండులో కార్మిక నష్టపరిహార శాసనము పుట్టెను. మన దేశమునకు అది వచ్చుటకు ఇంకను ఇరువదియాఱేండ్లు గడచెను. 1923లో చేయబడి 1924 జూలై 1 నుండి అమలైన శాసనము, పనివలన పనిలో కలిగిన గాయమునకు యజమాని పరిహారమీయవలెనని నిర్ణయించెను. కంట్రాక్టరు క్రింద పనిచేయు కూలికి సయితము అసలు యజమానియే బాధ్యుడని చెప్పెను. మేస్త్రీల వెంట పోవు పాలమూరు కూలీకి ఈ నియమము ప్రాణసమానము. ఆ శాసనమునకు చేర్చిన పట్టికలో శరీరపు ఒక్కొక్క అవయవమునకు ఒక్కొక్క లెక్క కలదు. తరువాత సవరింపబడిన పట్టిక ప్రకారము బొటనవ్రేలు పోయిన సంపాదనశక్తిలో 30 శాతము, ఒక చేతి నాలుగు వ్రేళ్లు పోయిన 50 శాతము, చేయి పోయిన 60 శాతము, రెండు చేతులును పోయిన 100 శాతము నష్టము. చేతిని అంకెలలోనికి దించిన ఆ పట్టిక చదువువానికి మనస్సు కలుక్కుమనును. ఐనను అంకె లేని కాలముకంటె అంకె గల కాలము మేలు. అంకె లేని కాలమున ఆ చేతి వెల సున్న.

తాత్కాలికముగ పనికి దూరమైన వానికి ఆ శాసనము ఇచ్చినది దాదాపు సగము కూలి. లోఖండే కోరినది పూర్తి వేతనము. 1948లో కర్మాగార శాసనము కంచె నియమములను గట్టిపఱచెను. ఆ సంవత్సరమే వచ్చిన ఉద్యోగుల రాజ్య బీమా శాసనము పరిహారపు భారమును ఒక్క యజమానిపై గాక బీమా నిధిపై నిలిపెను. గాయపడిన కాలమునకు బీమా యిచ్చు భత్యము క్రమముగ పెరిగి వేతనములో 90 శాతమునకు చేరెను. ఈ శాసనములను 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులలో కలిపిరి. 1884లో అక్షరము రానివారు వ్రేలిముద్రలతో కోరిన పూర్తి వేతనమునకు ఇంకను పది శాతము కొఱత మిగిలియే యున్నది.

ఇపుడు మరల మన మెట్టసీమకు వత్తము. ఒకప్పుడు కర్మాగారములను వెదకికొని బొంబాయికి పోయిన ఈ ప్రాంతమునకు కర్మాగారములే నడచి వచ్చినవి. పాత పాలమూరు జిల్లాలోని కొత్తూరు, షాద్‌నగరు, జడ్చర్లలలోను, పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగరు, చౌటుప్పలలోను పరిశ్రమలు వెలసినవి. చిన్న కర్మాగారములలో రేకును కోయుటకు, వంచుటకు, అచ్చుగ్రుద్దుటకు పవర్ ప్రెస్సు అను యంత్రమును వాడుదురు. క్రింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు. కార్మికుడు చేతితో రేకునుంచి కాలితో పెడలు త్రొక్కును. పెద్ద చక్రమున నిలువయున్న వేగముతో పై అచ్చు దిగును. పాతరకపు ప్రెస్సులలో ఒకమారు బయలుదేరిన దెబ్బను నడుమ ఆపుట సాధ్యము కాదు. దినమునకు వేలమార్లు చేయి పెట్టి తీయుపనిలో ఒక్కమారు కాలు ముందుపడి చేయి వెనుకపడిన చాలును. రెండు చేతులతో రెండు బొత్తాములు ఒక్కసారి నొక్కిననే కదలు ఏర్పాటు, అచ్చు ముందు ఇనుప జాలి, చేతికి బదులు రేకును పట్టుకొను పటకారు, చేయి అడ్డు వచ్చిన ఆగిపోవు కాంతితెర, ఈ ఉపాయములన్నియు కలవు. ఇవి యంత్రపు వెలతో పోల్చిన పెద్ద ఖర్చులు కావు. పని జాగు అగుననియో, జాలి అడ్డమనియో వానిని తొలగించునపుడు 1881 నాటి లోకమే మరల తలయెత్తును. కార్మికుని అజాగ్రత్తయే కారణమని నింద మోపుటయు ఆనాటి అలవాటే. అలసిన మనుష్యుడు పొరపాటు చేయును. దానిని ముందుగ ఎఱిగి యంత్రమును అమర్చుటయే కంచె నియమమునకు మూలము.

లోఖండే స్మారకముగ భారత ప్రభుత్వము 2005లో తపాలా బిళ్ళ వెలువరించెను. కాని ఆయన అసలైన స్మారకము తపాలా బిళ్ళ కాదు, ఆదివారమును కాదు. బడిలో పదవ తరగతి ముగించి ఐ.టి.ఐ.కి గాని, నేరుగ కర్మాగారమునకు గాని పోవు పాలమూరు, నల్లగొండ బాలురకు యంత్రము నడుపుట నేర్పువారు చాలమంది కలరు. యంత్రమునకు కంచె లేదు, దీనిపై నేను చేయి పెట్టను అని అడ్డముచెప్పుట నేర్పువారు అరుదు. గాయమైన నాడే ప్రమాదపు పుస్తకమున వ్రాయింపవలెననియు, బీమా చీటీని జేబులో ఉంచుకొనవలెననియు, కంట్రాక్టరు మాయమైనను అసలు యజమాని బాధ్యత మాయము కాదనియు వారికి ఎవరు చెప్పుదురు? ఆ పాఠము చెప్పగలవాడు ఉపాధ్యాయుడే. తెల్లకాగితముపై మిల్లు కూలీలచేత వ్రేలిముద్ర వేయించిన నాడు లోఖండే చేసిన పనియు పాఠము చెప్పుటయే. ఆ ముద్ర వేసిన వ్రేళ్లు మట్టిలో కలసి నూఱేండ్లు దాటెను. వారు కోరినది మాత్రము, ప్రెస్సు క్రింద చేయి పెట్టబోవు ప్రతి బాలుని పక్షమున, నేటికిని నిలిచి అడుగుచున్నది.